ప్రార్థనలో జారిన మాట

బుధవారం మధ్యాహ్నం. బడిలో భోజనాలు అయ్యాయి. కుళాయి దగ్గర పళ్లెం కడుక్కుంటూ కృపారాణి మూడోసారి ఆవులించింది.

"రాత్రి నిద్రపోలేదా ఏంటి?" అడిగింది సారిక.

ఇద్దరూ ఐదో తరగతి. ఇద్దరిదీ మొగల్తూరు పక్కన ఒకే పల్లె, ఒకే చర్చి, బడిలో ఒకే బెంచీ. ఒకరి పెన్సిలు ఇంకొకరి సంచిలో దొరికినా గొడవ పడరు.

కృప అటూ ఇటూ చూసింది. "ఎవరికీ చెప్పనంటేనే చెప్తాను."

ఒట్లు వెయ్యకూడదని సండే స్కూల్లో చెప్పారు కాబట్టి సారిక ఒట్టు వెయ్యలేదు. తల మాత్రం మెడ నొప్పి పుట్టేలా ఊపింది.

"మా అమ్మకి చదవడం రాదు."

సారిక నమ్మలేదు. కృప వాళ్లమ్మ దేవకుమారి చర్చిలో పాట ఎత్తుకుంటే వెనకాల అందరూ అందుకోవాల్సిందే. ఆమె ఒళ్లో ఎప్పుడూ నల్ల అట్ట బైబిలు తెరిచి ఉంటుంది.

"మరి ఆ బైబిలు?"

"అందరూ పేజీ తిప్పితే తనూ తిప్పుతుంది. పాటలన్నీ విని నేర్చుకున్నవే. ఈ వారం స్త్రీల ఆదివారం కదా, అన్నీ ఆడవాళ్లే చెయ్యాలి. పాస్టరు అయ్యగారు అమ్మని బైబిల్లో కీర్తన చదవమన్నారు. రాదని చెప్పలేక సరేనంది. రోజూ రాత్రి పొద్దుపోయేదాకా నేను చదువుతుంటే విని కంఠతా పడుతోంది. ఎనిమిది వచనాలు. ఆరో వచనం దగ్గరే ఆగిపోతోంది, పాపం."

దేవకుమారి రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలుస్తుంది. పొద్దున్నే వ్యానెక్కి వెళ్తే సాయంత్రానికి గానీ రాదు. ఆ వేళ్లకి ఎప్పుడూ ఏదో ఒక చోట తెగి ఉంటుంది. ఇంటికొచ్చి, వంట చేసుకుంటూ, కూతురు చదివేది విని కీర్తన నేర్చుకుంటోందన్న మాట. సారికకి నిజంగా జాలేసింది.

ఇక్కడ సారిక గురించి ఒక సంగతి చెప్పాలి. ఆ పల్లెలో పిల్లలందరిలోకీ ప్రార్థన బాగా చేసేది ఆ పిల్లే. కళ్లు మూసుకుని మొదలుపెట్టిందంటే పెద్దవాళ్లు కూడా "స్తోత్రం, స్తోత్రం" అంటూ ఊగిపోతారు. ప్రతి బుధవారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో గృహకూడిక జరుగుతుంది. ఆఖరున సారిక ప్రార్థన ఉండాల్సిందే. ఆ మెచ్చుకోళ్లు తనకి ఇష్టం లేదని సారిక అంటుంది గానీ, మనం నమ్మక్కర్లేదు.

ఆ సాయంత్రం కూడిక మాణిక్యాంబ మామ్మగారింట్లో. చాపల మీద ఇరవై మంది దాకా ఉన్నారు. దేవకుమారి గోడ పక్కన కూర్చుంది. ఒళ్లో బైబిలు, పక్కన కృప.

"సారికా, నువ్వు చెయ్యమ్మా ప్రార్థన" అన్నారు మామ్మగారు.

సారిక మొదలుపెట్టింది. వానల కోసం చేసింది. పరీక్షల కోసం చేసింది. మామ్మగారి మోకాళ్ల కోసం చేసింది. ఇవన్నీ పోయిన వారం కూడా చేసినవే. "స్తోత్రం" అనేవాళ్లు తగ్గుతున్నారు. ఏదైనా కొత్తగా అనాలి అనిపించింది. నోరు జారిపోయింది.

"ప్రభువా, మా దేవకుమారి అత్తకి చదవడం రాదు తండ్రీ. అందరూ పేజీ తిప్పితే తనూ తిప్పుతోంది తండ్రీ. నువ్వే ఆమెకి చదువు నేర్పించు. ఆదివారం కీర్తన తప్పుల్లేకుండా చెప్పేలా సాయం చెయ్యి తండ్రీ..."

ఒక్కరూ "స్తోత్రం" అనలేదు. ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపించింది. సారిక గబగబా "ఆమేన్" అనేసి కళ్లు తెరిచింది. అందరూ దేవకుమారి వైపే చూస్తున్నారు.

"అవునా దేవకుమారీ?" అన్నారు మామ్మగారు, ఆశ్చర్యం ఆపుకోలేక.

దేవకుమారి బైబిలు మూసింది. కొంగు సర్దుకుని లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. కృప ఆమె వెనకే వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి సారికని చూసింది. ఏడుస్తున్న మనిషి చూపు అయినా బాగుండేది. అది ఏడుపు కాదు.

కూడిక అయ్యాక సారిక, వాళ్లమ్మ కాలవ గట్టు మీద ఇంటికి నడిచారు. సారిక ఉండబట్టలేక అంది. "నేను మనుషులెవరికీ చెప్పలేదమ్మా. దేవుడికే చెప్పాను. మంచి జరగాలనే కదా!"

"దేవుడికి ఆ సంగతి తెలీదంటావా?"

"తెలుసు."

"మరి ఎవరికి తెలీదని అంత గట్టిగా చెప్పావే?"

సారిక తల దించుకుంది. ఇల్లు వచ్చేదాకా తల ఎత్తలేదు.

మర్నాడు బడిలో కృప కిటికీ పక్క బెంచీకి మారిపోయింది. సారిక రెండుసార్లు దగ్గరికి వెళ్లింది. రెండుసార్లూ కృప పుస్తకం అడ్డం పెట్టుకుంది. శుక్రవారం మూడోసారి వెళ్తే మాత్రం పుస్తకం దించింది.

"నిన్న మా అమ్మని వ్యానులో ఏం చేశారో తెలుసా? ఒకావిడ బిస్కెట్ల ప్యాకెట్టు కాగితం చేతికిచ్చి, 'ఇది చదువు దేవకుమారీ' అంది. అందరూ నవ్వారంట. అమ్మ ఇంక చర్చికి రానంటోంది. ఎప్పటికీ."

"కృపా, నేను కావాలని..."

"నాతో మాట్లాడకు. నీకు ఏం చెప్పినా బుధవారం ప్రార్థనలోకి వచ్చేస్తుంది."

సారిక తన బెంచీకి తిరిగి వచ్చేసింది. ఆ రోజు అన్నం సహించలేదు. చెప్పిన మాట వెనక్కి తీసుకోవడానికి దారి ఉంటే ఎంత దూరమైనా నడిచేదే. అలాంటి దారి లేదు.

ఆ సాయంత్రం అయ్యగారు సారిక వాళ్ల ఇంటి ముందు బండి ఆపారు. అయ్యగారంటే పాస్టరు సాల్మన్‌గారు.

"దేవకుమారి కీర్తన చదవనని కబురు పంపిందమ్మా. ఎల్లుండే ఆరాధన. నువ్వు చదువుతావా?"

సారిక గుండె ఒక్కసారి ఎగిరింది. పెద్ద చర్చి. మైకు. ఎదురుగా మొత్తం ఊరు. ఆ కీర్తన తనకి చూడకుండా వచ్చు, పోయిన ఏడు సండే స్కూల్లో బహుమతి కూడా వచ్చింది. 'చదువుతానండి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంత జరిగాక కూడా వచ్చింది! తన మీద తనకే సిగ్గేసింది.

"నేను చదవనండి."

"భయమా?"

"కాదండి. అది దేవకుమారి అత్తదండి."

అయ్యగారు హెల్మెట్ చేతిలో తిప్పారు. "ఆవిడ రాకపోతే?"

"తెలీదండి."

"సరే. ఇంకెవరినీ చదవమననులే. ఆదివారం దాకా చూద్దాం" అని బండి తీశారు.

శనివారం సాయంత్రం సారిక ఒక్కతే దేవకుమారి ఇంటికి వెళ్లింది. కృప సారికని చూడగానే లోపలికి వెళ్లిపోయింది. వ్యాను అప్పుడే వచ్చి వెళ్లింది. దేవకుమారి నీళ్ల తొట్టి పక్కన నిలబడి, సబ్బుతో చేతులు రుద్దుకుంటోంది. ఎంత రుద్దినా ఆ రొయ్యల వాసన అంత తొందరగా పోదు.

"అత్తా, తప్పు చేశానండి. క్షమించండి." దారంతా పెద్ద పెద్ద మాటలు తయారుచేసుకుంది గానీ, ఇవి మాత్రమే వచ్చాయి.

దేవకుమారి చేతులు కడుక్కోవడం ఆపలేదు. "నాకు ఎనిమిదేళ్లప్పుడు చెల్లిని ఎత్తుకోవడానికి బడి మానిపించారు. అది నా తప్పు కాదని నాకు తెలుసు. అయినా సిగ్గు సిగ్గే. ఆ బైబిలు పట్టుకుని కూర్చుంటే నేనూ అందరిలాంటిదాన్నే అనిపించేది. పన్నెండేళ్లు అలా కూర్చున్నాను. నువ్వు ఒక్క నిమిషంలో లాగేశావు."

సారిక కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడిస్తే అత్తే ఊరుకోబెట్టాల్సి వస్తుందని పళ్లు బిగపట్టుకుంది.

"రేపు నువ్వు చదువుతున్నావంట కదా. బాగా చదువు."

"లేదండి. చదవనని అయ్యగారికి చెప్పేశాను."

దేవకుమారి మొదటిసారి తల తిప్పి చూసింది. "మరి ఎవరు చదువుతారు?"

"ఎవరూ లేరండి. మీరే."

దేవకుమారి చెంబు బోర్లించి, "పొద్దుపోతోంది. ఇంటికెళ్లు" అంది. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. పిల్లలు ముందు చాపల మీద కూర్చున్నారు. సారిక మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసింది. ఆడవాళ్ల వరసల్లో దేవకుమారి లేదు. రెండు పాటలు అయ్యాయి. కృప తలుపు వైపు నుంచి వచ్చి, చాప అవతలి చివర కూర్చుంది. ఇటు చూడలేదు.

"ఇప్పుడు వాక్యపఠనం" అన్నారు అయ్యగారు.

ఎవరూ లేవలేదు.

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాణిక్యాంబ మామ్మగారు ముందుకు వంగి, సారిక వీపు మీద వేలితో పొడిచారు. "లేమ్మా, నువ్వు చదివెయ్. నీకు వచ్చు కదా?"

లేస్తే అయిపోతుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు, శభాష్ కూడా అంటారు. తను లేవకపోతే అయ్యగారు ఇంకా ఎంతసేపు నిలబడాలి? అయినా సారిక చాప అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. లేవలేదు.

వెనక ఎక్కడో గాజుల చప్పుడైంది.

చెప్పులు విడిచే చోట నిలబడి ఉన్న దేవకుమారి ముందుకు నడిచి వచ్చింది. చేతిలో నల్ల అట్ట బైబిలు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది, తెరవలేదు.

"అందరికీ వందనాలండి. నాకు చదవడం రాదండి." గొంతు వణికింది. "ఈ సంగతి ఇప్పటికే అందరికీ తెలుసు. నోటికి వచ్చినంత చెప్తాను."

ఒకటో వచనం చెప్పింది. రెండు, మూడు. గొంతు నిలబడింది. నాలుగు, ఐదు. చర్చిలో చిన్నపిల్లలు కూడా కదలడం లేదు.

ఆరో వచనం దగ్గర ఆగింది.

ఒక క్షణం. రెండు క్షణాలు. దేవకుమారి పెదవులు తడుపుకుంది. ఐదో వచనం ఆఖరి మాట మళ్లీ అంది. ఐనా రాలేదు. వెనక ఎవరో గుసగుసగా ఏదో అన్నారు. కృప మోకాళ్లలో సగం మొహం దాచుకుంది, కళ్లు మాత్రం బయటే ఉన్నాయి.

సారికకి ఆ వచనం మొదటి మాట తెలుసు. ఎప్పటి సారికైనా ఈపాటికి గట్టిగా అరిచి అందించేది. ఊరంతా వినేది. అత్త మళ్లీ అందరి ముందూ చిన్నబోయేది.

దేవకుమారి చూపు ముందు చాపల మీదికి దిగింది. సారిక కళ్లు కలిపింది. రెండు పెదవులూ మూసి, నెమ్మదిగా విప్పింది. గొంతులోంచి చిన్న శబ్దం కూడా రానివ్వలేదు. ప... గ... లు.

"పగలు" అంది దేవకుమారి.

అంతే, మిగతాదంతా దారి దొరికిన కాలవ నీళ్లలా వచ్చేసింది. ఆరు, ఏడు, ఎనిమిది. ఆమె "ఆమేన్" అనగానే చర్చి మొత్తం "ఆమేన్" అంది. అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఆరాధన అయ్యాక ఆడవాళ్లంతా దేవకుమారి చుట్టూ మూగారు. వ్యానులో కాగితం ఇచ్చినావిడ కూడా ఉంది. ఆవిడ వెనకాల నిలబడి చేతులు నలుపుకుంటోంది.

"ఒక్క మాట పొల్లు పోలేదమ్మా!" అన్నారు మామ్మగారు. "మధ్యలో ఆగితే మర్చిపోయావేమో అనుకున్నాను. ఎలా గుర్తొచ్చింది?"

సారిక అక్కడే ఉంది. మామ్మగారి కొంగుకి జానెడు దూరంలో. చెప్పడానికి ఒక్క మాట చాలు.

దేవకుమారి ఆమె వైపు చూసింది. సారిక కళ్లు దించుకుని అక్కణ్ణుంచి జరిగిపోయింది. ముందు వైపు పిల్లల చాపలు అలాగే పడి ఉన్నాయి. వాటిని దులిపి మడత పెట్టడం మొదలుపెట్టింది. పెద్ద చాప మాత్రం ఒక్క మనిషికి లొంగలేదు. ఒక చివర ఎత్తితే రెండో చివర జారిపోతోంది.

ఆ రెండో చివర ఎవరో ఎత్తారు. కృప.

"నేను చూశాను" అంది కృప మెల్లిగా.

సారిక చాప మీద ఇసుక దులిపింది.

"నీ వైపు గట్టిగా లాగు. ముడతలు పడుతున్నాయి."

సారిక లాగింది. ఇద్దరూ చాప మడత పెట్టి, రెండోదాని దగ్గరికి వెళ్లారు.