ఏ ఇంట్లో బొమ్మ బాగుంది?

ఆదివారం పొద్దున్నే శ్రీహరి గది ఊడ్చి, దుప్పటి మార్చి, కొత్త గేమింగ్ కన్సోల్‌ను టీవీకి కలిపి కూర్చున్నాడు. భార్య ప్రభావతితో పడక ఆబిడ్స్ సందులోని ఈ గదికి మారి ఏడాదయింది. వారమంతా గోడలతోనే కాపురం. ఆదివారం ఒక్క పూట మాత్రం పదమూడేళ్ల కూతురు హాసిని నాంపల్లిలో తల్లి దగ్గర నుంచి వస్తుంది. ఈ మధ్య ఆ రావడమూ తగ్గింది. మేనమామ కొనిచ్చిన కన్సోల్ వదిలి రాలేకపోతోందని శ్రీహరి అనుమానం. అందుకే పోటీ కంపెనీది కొనుక్కొచ్చాడు. రెండింటినీ పోల్చే వీడియోలన్నీ పరీక్షకు చదివినట్టు చూశాడు పాపం.

హాసిని వచ్చి ఆట మొదలుపెట్టగానే ఆగలేకపోయాడు.

"చూడు బిడ్డా, నీళ్లల్ల మబ్బులెట్ల కనబడుతున్నయో! మీ మామ కొన్నదాంట్ల గిట్లుండదు."

"ఔ డాడీ."

"గుర్రం ఉరికినా బొమ్మ ఆగుతలేదు. గ్రాఫిక్స్ అంటే గిట్లుండాలె."

"ఔ."

ఆ పొడి జవాబులకు శ్రీహరి ప్రాణం ఉసూరుమంది. ఉండబట్టలేక అసలు సంగతే అడిగేశాడు.

"సక్కగ చెప్పు. అమ్మ ఇంట్లది మంచిగుందా, గీ ఇంట్లదా?"

హాసిని చేతిలోని కంట్రోలర్‌ను మంచం మీదికి విసిరింది.

"ఎందుకు డాడీ గట్లడుగుతవ్? అమ్మ గూడ గంతే. డాడీ వంట మంచిగుందా, నాదా అంటది. నేనేం చెప్పాలె?"

"అరే, ఊకె అడిగిన బిడ్డా..."

"గాడ ఎనిమిదో లెవెల్ దాంక పోయిన. ఆ ఆట గీ కంపెనీ దాంట్లకు రాదు, తెలుసా? గీడ ఇంకో ఆట మొదటిసంది ఆడాలె. నువ్వేమో పక్కన కూసొని నీళ్లు చూస్తవ్, మబ్బులు చూస్తవ్. నన్ను చూడవ్. గాడ గూడ ఒక్కదాన్నే, గీడ గూడ ఒక్కదాన్నే!"

ఒంటరితనం తన ఒక్కడి సొత్తనుకున్నాడు ఇన్నాళ్లూ. టీవీ కట్టేసి పిల్ల పక్కన కూర్చున్నాడు.

"ఎనిమిదో లెవెల్ల ఏముంటది బిడ్డా?"

హాసిని ముక్కు ఎగబీల్చి చెప్పడం మొదలుపెట్టింది. సగం అర్థం కాకపోయినా అతను అడ్డురాలేదు. మాట ఆట దాటి బడికి పోయింది, అక్కడ మాట్లాడటం మానేసిన దోస్తు దాకా పోయింది. ఇదంతా తనకు తెలియదే అని కుమిలిపోయాడు.

కూతురి ముందే ప్రభావతికి ఫోన్ చేశాడు.

"ప్రభా, మనిద్దరం పోటీపడి పిల్లను జడ్జిని చేసినం. ఏడుస్తున్నది. ఎవరిల్లు మంచిగుందని ఇగ నేనడగ. నువ్వు గూడ అడగకు."

గొడవకు దిగుతుందేమోనని భయపడ్డాడు.

"ఔ... నేను గూడ తప్పు చేసిన," అంది ప్రభావతి. "ఇగ అడగ."

ఏడాదిలో ఆ ఇద్దరూ ఒప్పుకున్న మొదటి మాట అది. హాసిని తండ్రి భుజం మీద తల వాల్చి కరువుతీరా ఏడ్చింది.