లేవి బ్యాటరీ బండి

బేతంచెర్ల అవతల, నాపరాళ్ళ గనుల పక్కన చిన్న మిషన్ దవాఖానా. దాని కాంపౌండరు లేవి. యాభై నాలుగులో, దవాఖానా నడిపిన దొరసానమ్మ తన దేశానికి వెళ్ళిపోతూ పాత బ్యాటరీ కారును అతనికి ఇచ్చిపోయింది. పెట్రోలు అక్కర్లేదు, చప్పుడు లేదు. నూనె మిల్లు డైనమోకు రాత్రంతా తగిలిస్తే పదిహేను మైళ్ళు పోయేది. గనివాళ్ళు దాన్ని మేత లేని ఎద్దని ఎగతాళి చేసేవాళ్ళు. లేవికి మాత్రం అదంటే ప్రాణం.

ఎండాకాలంలో మిల్లు మూతపడింది. ఛార్జి చూపే ముల్లు సున్నా మీద పడి వారమైంది. సరిగ్గా అప్పుడే, తల్లి లేని ఎనిమిదేళ్ళ కూతురు కృపమణికి జ్వరం తగిలింది. మూడోనాటికి ఒళ్ళు కాలిపోతోంది. ఉన్న మందులన్నీ అయిపోయాయి. పెద్దాసుపత్రి పది మైళ్ళు. ఎద్దుబండ్లన్నీ తిరునాళ్ళకు పోయాయి.

లారీ ఏదైనా దొరుకుతుందేమో, రోడ్డు దాకా గనివాళ్ళతో కారు తోయిద్దామని, మిట్టమధ్యాహ్నం పిల్లను వెనక సీట్లో పడుకోబెట్టాడు. ముల్లు వణికింది. లేచింది.

"స్తోత్రం ప్రభువా!" అంటూ లేవి ఎక్కి కూర్చున్నాడు.

దారిలో నరమానవుడు లేడు. వడగాలి, తెల్లటి రాతిదుమ్ము, బ్యాటరీల పుల్లటి వాసన. పోయేకొద్దీ తగ్గాల్సిన ముల్లు పెరుగుతోంది. దేవుడి మేలే అనుకుని లేవి పాట అందుకున్నాడు.

"నాయనా... చలేస్తాంది."

"జొరంలో అట్లే ఉంటాది తల్లీ. పండుకో."

ముల్లు ఇంకాస్త లేచింది.

"నాయనా... నా కాళ్ళు యాడుండాయో తెలీల్యా."

చెయ్యి వెనక్కి చాపి పాదం పట్టుకున్నాడు. బావి నీళ్ళంత చల్లన. పాట ఆపేశాడు.

కారు ఆపాడు. ముల్లు ఆగింది. మళ్ళీ కదిలించాడు... ముల్లు లేచింది. చలి పాదం నుంచి మోకాలికి పాకింది.

పిల్లను భుజాన వేసుకుని దిగి నడిచాడు. వంద గజాలు పోకముందే ఎండకు పిల్ల నొసలు నిప్పయింది. పిల్ల కళ్ళు తేలేసి కొట్టుకోసాగింది. ఇంకా ఆరు మైళ్ళు. చెట్టు లేదు, చుక్క నీళ్ళు లేవు. వెనక కారు, తలుపు తెరుచుకుని నిలబడి ఉంది.

అలాంటి గతి పగవాడికి కూడా వద్దు. ఏడుస్తూ వెనక్కి వచ్చాడు.

"నా పానం తీసుకో... బిడ్డను ఇడ్సిపెట్టు," అన్నాడు కారుతో గుసగుసగా.

ముల్లు కదల్లేదు.

పిల్లను మళ్ళీ వెనక సీట్లో పడుకోబెట్టి పోనిచ్చాడు. వెనక్కి చూసే ధైర్యం లేదు.

ఆసుపత్రి మెట్ల దగ్గర ముల్లు నిండుగా నిలిచింది. స్విచ్ కట్టేశాడు. నర్సు ఏసుమణి పరుగెత్తుకొచ్చి పిల్లను ఎత్తుకుంది.

"భయం లేదప్పా. జొరం దిగిపోయుండాది. కండ్లు తెరిసింది సూడు."

నిజమే. కళ్ళు తెరిచే ఉన్నాయి. కానీ దారిన పోయేవాణ్ణి చూసినట్టు చూశాయి.

"కృపా..."

పిల్ల ముఖం తిప్పుకుంది.

అప్పుడు... కారులోంచి... ఖాళీ సీట్లోంచి, సన్నటి గొంతు.

"నాయనా... నన్ను ఈడ్నే ఇడ్సిపోతాండావా?"

లేవి కాలు మెట్టు మీద ఉంది. చెయ్యి కారు తలుపు మీద ఉంది. ఏసుమణి పిల్లతో లోపలికి పోతోంది. స్విచ్ కట్టేసే ఉంది... అయినా ముల్లు మెల్లగా దిగడం మొదలుపెట్టింది.