మెడ విరిగిన వెలుగుతీగ

హోటల్ మెట్ల మీద తుపాకీ ఒకే ఒక్కసారి పేలింది. నీలిరంగు దుస్తుల్లో దిగివస్తున్న ఆడమనిషి, చెప్పు జారినదానిలా మెల్లగా కూలబడింది. అంతే.

గూఢచారి శాఖలో ఆమె పేరు నెమలి. శత్రు ముఠా నాయకుడి పక్కన నవ్వుతూ తిరిగేది. అక్కడి కబుర్లు ఇక్కడికి మోసేది. కొన్నాళ్లుగా ఇక్కడివి అక్కడికీ మోస్తోందని శాఖవాళ్ల అనుమానం. కార్ల వర్క్‌షాపులో ఆడియో మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంటుకు మాత్రం ఆమె మేనత్త కూతురు, పెళ్లాం. ఆ సంగతి శాఖ పెద్దాయనకు తప్ప మరెవరికీ తెలియదు. ఏడవడానికి కూడా అనుమతి లేని చావు. పక్క షెడ్డులో కార్లకు పెయింటు కొడుతుండటమే ఆ రోజుకి కాస్త దయ. ఆ ఘాటుకి ఎవరి కళ్లయినా ఎర్రబడతాయి.

మర్నాడు మధ్యాహ్నం పెద్దాయన కస్టమరులా వచ్చాడు. చేతిలో పాత హారన్.

"దీనికి జలుబు చేసిందయ్యా."

"తుమ్మిందా, దగ్గిందా?"

"గొంతే పోయింది."

కోడ్ కుదిరింది. పెద్దాయన గొంతు తగ్గించాడు. "సాయంత్రం సంధి సభ. ప్రసంగించే రాయబారిని లేపేస్తారట. ఎలాగన్నది నెమలికి తెలుసు, మనకు చెప్పలేదు. హాలంతా జల్లెడ పట్టినా ఏమీ దొరకలేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టింది అబ్బాయ్. ఏదో పడవవాళ్లే ముంచేశారు."

"అలాంటి మనిషి కాదు సార్."

"మొగుడివి, ఇంకేమంటావు! ఈ హారన్‌లో ట్రాన్స్‌మిటర్ ఉంది. ఏదైనా తెలిస్తే నొక్కి మాట్లాడు. నేను సభలోనే ఉంటాను."

గుమ్మం దాటబోతూ ఆగాడు. "భోంచేశావా?"

"చేశాను సార్." అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

ఆయన వెళ్లిన కాసేపటికే నల్లటి కారు వచ్చింది. దిగినవాణ్ని చూడగానే ఏజెంటు చేతిలోని స్పానర్ బరువెక్కింది. ముఠా నాయకుడు, పట్టుచొక్కా. వెనకాలే ఎలుగు అనే బాడీగార్డు.

"నిన్నటినుంచి కారు మూగబోయింది. రాయబారి ప్రసంగం రేడియోలో లైవ్ వస్తుంది. ఆలోగా బాగుచెయ్యి. నేను వినితీరాలి."

"ఉపన్యాసాలంటే అంత ఇష్టమా అండీ?"

"ముగింపులంటే ఇష్టం," అని నవ్వాడు పట్టుచొక్కా.

ఏజెంటు కారును లిఫ్ట్ మీద నిలిపించి డిక్కీ తెరిచాడు. ఆ కారులో పాట రాగితీగలో కాదు, ఫైబర్ కేబుల్లో వెలుతురుగా నడుస్తుంది. ప్లేయర్ దగ్గర బయలుదేరి, ఆంప్లిఫయర్ చుట్టి, మళ్లీ మొదటికే రావాలి. దారిలో ఒక్కచోట తెగినా అన్నీ మూగే. ఆంప్లిఫయర్ దగ్గర కేబుల్ ఊడదీసి చూశాడు. ఎర్రటి చుక్క కనిపించాల్సిన కొసలో చీకటి.

ప్యానెల్ వెనక చెయ్యి పెట్టి కేబుల్‌ను వెంబడించాడు. ఒకచోట వేళ్లు ఆగిపోయాయి. కేబుల్‌ను మడతపెట్టి, జుట్టుకు పెట్టుకునే రబ్బరుబ్యాండుతో బిగించి ఉంది. నీలం రబ్బరుబ్యాండు.

ట్రైనింగులో అతడు చేసిన తప్పే అది. వైర్లు పొందిగ్గా ఉండాలని మడిచి కట్టేశాడు. ఆమె పకపకా నవ్వింది. "బావా, ఇది చీపురు కాదు కట్టెయ్యడానికి. వెలుతురు నడిచే దారి. మెడ విరిస్తే చచ్చిపోతుంది."

కారు మూగబోతే ఎక్కడికి వస్తుందో ఆమెకు తెలుసు. ఎవరి చేతికి వస్తుందో కూడా.

అతికితే పనికిరాదు, కేబుల్ మొత్తం మార్చాలి. కొత్తది తీసి, కొసలకు వేలు తగలకుండా, మలుపుల దగ్గర వెడల్పుగా వంచి అమర్చాడు. స్పీకర్లు విడదీసి హెడ్‌ఫోన్ తగిలించాడు. పక్కవాళ్లకు ఇబ్బందని ముందు చెవిలోనే విని చూడటం అతడి అలవాటు. ఆ అలవాటునే ఆమె నమ్ముకుంది. ప్లేయర్ ఆగినచోటినుంచే మొదలైంది, ఆమె రికార్డు చేసి ఉంచిన గొంతు.

"బావా, నన్ను అనుమానిస్తున్నారు. బాంబు వేదిక గోడలో పూడ్చేశారు. ప్రసంగం అయ్యాక హాలంతా కొట్టే చప్పట్ల మోతకి పేలుతుంది. చప్పట్లు ఆపు. ఇది విన్నాక చెరిపెయ్. ఇంకోసారి వినకు, నాకు తెలుసు నీ సంగతి. అన్నం తిను."

ఎలుగు సిగరెట్ వెలిగించుకోవడానికి అటు తిరిగాడు. ఏజెంటు డిక్కీలోకి తల దూర్చి హారన్ నొక్కి, విన్నదంతా, పట్టుచొక్కా ఇక్కడే ఉన్నాడనీ గుసగుసగా చెప్పాడు. "నెమలే పంపింది సార్."

అటునుంచి పెద్దాయన గొంతు, "చూసుకుంటాను."

"ఎవరితోరా మాటలు?" ఎలుగు వచ్చాడు.

"వైరుతోనండి. బుజ్జగిస్తేగానీ వెలగదు."

ఇక మిగిలింది ఒక్క మీట. పట్టుచొక్కా వేలు ప్లేయర్ మీద పడితే ఆ గొంతు కారంతా వినిపిస్తుంది. ఇంకోసారి వినాలని ఉంది. 'బావా' అన్న ఒక్క ముక్కయినా చాలు. మీట నొక్కాడు. చెరిగిపోయింది.

స్పీకర్లు కలపగానే పట్టుచొక్కా పరుగున వచ్చి కారెక్కాడు. పక్కన ఎలుగు. రేడియోలో రాయబారి ప్రసంగం చివరి మాటల్లో ఉంది. "ఈ సంధి మన పిల్లలది. సెలవు."

పట్టుచొక్కా కళ్లు మూసుకున్నాడు. ఏజెంటు లిఫ్ట్ మీట నొక్కాడు.

ఒక్క చప్పట కూడా వినిపించలేదు. కారు మెల్లగా గాల్లోకి లేచింది. రేడియోలో వ్యాఖ్యాత రహస్యం చెబుతున్నట్టు అన్నాడు: "సభ యావత్తూ లేచి మౌనంగా నిలబడింది. ఎవరి స్మృతిలోనో ప్రకటించలేదు."

ఎవరి కోసమో వర్క్‌షాపులో ఒకడికి తెలుసు. కారు కింద తనూ నిటారుగా నిలబడ్డాడు. పాత కేబుల్‌ను ఈసారి మెడ విరగకుండా వెడల్పుగా చుట్టి, రబ్బరుబ్యాండుతో సహా జేబులో పెట్టుకున్నాడు. గేటు దగ్గర పోలీసు వ్యాన్లు ఆగాయి.

"దించరా!" పైనుంచి అరుస్తున్నాడు పట్టుచొక్కా. "ఏం రిపేరురా ఇది? రేడియో మళ్లీ చచ్చిందా?"

"రేడియో బాగానే ఉందండి," అన్నాడు ఏజెంటు కళ్లు తుడుచుకుంటూ. "మీ ముగింపే రిపేరుకొచ్చింది."