మైనస్ మూడు

"ఇక నా వల్ల కాదు! నేనింక పాడను... పాడలేను... నన్ను వదిలెయ్యండి!"

చేతిసంచీ బల్ల మీద పడేసి, చెప్పులైనా విప్పకుండా ఆమె వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులో ఏడిస్తే ఎవరికీ వినపడదని ఇల్లు నడిపే ఆడవాళ్ళకు ఒకరు నేర్పాలా! కానీ ఖర్మ కాకపోతే, ఆ సాయంత్రం కుళాయిలో నీళ్ళు కూడా సన్నగా వస్తున్నాయి. ఏడుపు ముందుగది దాకా వినిపించింది.

ముందుగదిలో కుర్చీలో ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే మనిషి; ఎవరింట్లోనో ఫ్యాను బిగిస్తూ స్టూలు మీంచి జారిపడ్డాడు. గుమ్మంలో కూతురు నిలబడింది, ఈ ఏడు నాన్న బదులు తను వాయిస్తున్న కీబోర్డును పొడుగాటి సంచీలో భుజాన వేసుకుని, కళ్ళ నిండా నీళ్ళతో.

"ఏమైందే?" అన్నాడాయన.

"అమ్మ గొంతు... మళ్ళీ విరిగింది నాన్నా! నిన్నా అంతే, ఇవాళా అంతే. అందరూ తలలు దించుకున్నారు. పెదనాన్నేమో, 'ఆదివారం పాట రికార్డు పెట్టేద్దాం, అమ్మ పెదాలు కదిపితే చాలు' అన్నాడు. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. దారంతా ఒక్క మాట కూడా..."

ఆ పెదనాన్నే నాటక సంఘానికి పెద్ద. "ఒక్క నిమిషం" అనకుండా నోరు తెరవడు కనుక అందరికీ ఆయన ఒక్కనిమిషం గారు. పగలంతా తలో ఉద్యోగం చేసుకుని, సాయంత్రం బడి హాల్లో ఇనుపకుర్చీలు పక్కకు లాగి రిహార్సలు చేసుకునే సంఘం అది. అందులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఆమె "అమ్మవేషం". కొత్తకోడలిగా వచ్చిన ఏడాది, తల్లి పాత్ర వేసే ఆవిడ ఊరు మారిపోతే, ఈ పిల్ల నల్లటి జుట్టు మీద ఇంత పౌడరు గుమ్మరించి, తనకంటే పదేళ్ళు పెద్దవాడికి తల్లిని చేసి నిలబెట్టారు. జనం పడీ పడీ నవ్వారు. చివర్లో ఆమె పాట ఎత్తుకునేసరికి ఆ నవ్వులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి!

ఇల్లు వదిలిపోయిన కొడుకు కోసం తల్లి గుమ్మంలో నిలబడి పాడే పాట అది. "దీపమింకా ఆర్పలేదు... తలుపు ఇంకా వేయలేదు..." ఆ పాట కోసమే జనం ఏటేటా అదే నాటకం చూడ్డానికి వస్తారు. ఆ పాట కోసమే ఆమె కూడా బతికిందేమో! పగలంతా బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చుని, అద్దానికున్న కంతలోంచి అరిచి అరిచి సమాధానాలు చెప్పడం. ఇంటికొచ్చి వంట. అత్తగారు మంచాన పడ్డ ఏళ్ళలో ఆవిడకు అన్నం తినిపించి, ఒళ్ళు తుడిచి, అప్పుడు రిహార్సలుకు పరుగు. ఒళ్ళు హూనమైపోయినా ఆ ఒక్క పాటా తనదే అనుకునేది.

గొప్పలు కూడా పోయేది, కాదనడమెందుకు! "పెళ్ళైన కొత్తలో ఏ శ్రుతిలో అందుకున్నానో ఇప్పటికీ అదే శ్రుతి! ఒక్క మెట్టు దిగానేమో మా ఆయన్నడగండి!" అనేది. ఒకసారి, నాటకంలో పక్కింటావిడ వేషం వేసే స్టేషనరీ కొట్టు వదిన తన పాటకి శ్రుతి కొంచెం తగ్గించమని అడిగితే, "గొంతు దిగిపోయాక గుమ్మం దగ్గర టికెట్లు చింపుకోవడం మర్యాద కదా వదినా!" అనేసింది. అందరూ నవ్వారు. వదినా నవ్వింది. మరుసటేడు నుంచి నిజంగానే గుమ్మం దగ్గర కూర్చుని టికెట్లు చింపుతోంది.

"ఇటు రా అమ్మా," భర్త కూతుర్ని దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు. "మొదటిరోజు కీబోర్డు తెరిచినప్పుడు దాని మీద చిన్న తెరలో ఏ అంకె ఉంది?"

"మైనస్ మూడు ఉంది నాన్నా. సంచీలో పెట్టేటప్పుడు నీ చెయ్యి తగిలి మీట నొక్కుకుపోయిందనుకున్నాను. సున్నా చేసేశాను. ఏం, చెయ్యకూడదా?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. వంటింట్లో కుళాయి ఆగిపోయింది.

"మైనస్ మూడేమిటి?" గుమ్మంలో నిలబడి అడిగింది ఆమె.

కూతురు తండ్రి వైపు చూసింది.

"మిమ్మల్నే అడుగుతున్నా! మైనస్ మూడేమిటండీ?"

"ఆ చిన్న తెర పక్కనున్న మీట ఒకసారి నొక్కితే... శ్రుతి ఒక మెట్టు దిగుతుంది," అన్నాడాయన నేల చూస్తూ. "వేళ్ళు మాత్రం ఎప్పటి చోటే ఉంటాయి. పక్కన నిలబడి చూసినా తెలీదు."

ఇన్నేళ్ళూ ఆమె పాడేముందు ఓరగా ఆయన వేళ్ళకేసి చూసుకునేది. అదే మెట్టు! అదే నేను! అని మురిసిపోయేది. ఎంత పిచ్చిది!

"మోసం చేశారా నన్ను? ఊరంతటికీ గొప్పలు చెప్పుకుంటూ తిరుగుతుంటే... వెనకనుంచి నవ్వుకున్నారా?"

"నవ్వానా?" ఆయన తలెత్తాడు. "అమ్మ మంచాన పడ్డ ఏడాది గుర్తుందా? రాత్రులు ఆవిడకి నిద్రపట్టక, నీకూ నిద్రలేక... నాటకం రోజుకి నీ గొంతులో ఏమీ మిగల్లేదే. నువ్వు పాడలేకపోతే చచ్చిపోతావనిపించింది. మా అమ్మకు చేసిన చాకిరీ కదా ఆ గొంతు తినేసింది! ఒక మెట్టు దించాను. తర్వాత చెబుదామనుకునే లోపు నువ్వు వదినను ఆ మాటన్నావు. అందరూ నవ్వుతున్నారు... నాకు వేళ్ళు ఆడలేదు. ఇంక ఏ మొహంతో చెప్పను? నీ గొంతు తగ్గినప్పుడల్లా చెప్పకుండానే ఒక్కో మెట్టు దించుతూ పోయాను."

ఆమె లోపలికి వెళ్ళింది. చాపేసుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు విచారణ కిటికీ దగ్గర బస్సు వేళలు ప్రకటిస్తూ మైకులో తన గొంతు తనే విన్నది. బొంగురుగా, అరిగిపోయి, ఎవరో పెద్దావిడ గొంతులా ఉంది. ఎప్పుడైంది ఇలా? ఇన్నాళ్ళూ తనకెందుకు వినపడలేదు? "బస్సెప్పుడమ్మా?" అని కంతలోంచి అడిగిన మనిషికి జవాబు చెప్పడం కూడా మరిచిపోయింది. ఇంట్లో భర్తతో మాట్లాడలేదు. ఎడమచేత్తో తినలేక ఆయన అవస్థ పడుతుంటే చెంచాతో తినిపించింది. అప్పుడూ మాట్లాడలేదు.

ఆదివారం సాయంత్రం హాలు గుమ్మం దగ్గర వదిన టికెట్లు చింపుతోంది. ఆమె ఆగింది.

"వదినా... ఆవేళ నేనన్న మాట..."

"ఏ మాట?" అంది వదిన. మరిచిపోతే అంత త్వరగా అడగరు. ఆమె వదిన చెయ్యి పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడి, "పాట వేళకి లోపలికి రా," అని వెళ్ళిపోయింది.

లోపల బావగారు ఫోను పట్టుకుని కాచుకుని ఉన్నాడు. "ఒక్క నిమిషం అమ్మాయ్! పరాయి గొంతు కాదమ్మా, నీదే. అప్పుడెప్పుడో రికార్డు చేసింది దొరికింది. విను, ఎంత బావుందో!"

విన్నది. నిండుగా, ఎక్కడా తడబడకుండా, ఎంత పైకి కావాలంటే అంత పైకి... ఆమె కళ్ళు ధారలు కట్టాయి. పెదాలు కదిపితే చాలు! జనం చప్పట్లు కొడతారు, పరువు దక్కుతుంది, ఎవరికీ తెలియదు.

"బాగా పాడుతోంది పిల్ల," అంది మెల్లగా. "పాపం, దానికింకా బస్టాండు తెలీదు... మంచంలో అత్తగారు తెలీదు."

"అయితే పెట్టమంటావా?"

ఆమె అద్దం ముందు కూర్చుంది. పౌడరు డబ్బా అందించారు కానీ, జుట్టుకి ఇప్పుడు దాని అవసరం లేదు.

నాటకం చివరికొచ్చింది. తెర పక్కన బావగారు ఫోను మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు. రంగం మూల కీబోర్డు ముందు కూతురు. నాన్న చెప్పినట్టు మైనస్ మూడు పెట్టి కూర్చుంది. మొదటి వరుసలో చేతికట్టుతో భర్త. ముసలితల్లి గుమ్మం దగ్గరికి రావాలి. రాలేదు... నడుచుకుంటూ మూలకి వెళ్ళింది! హాలంతా చూస్తుండగా కూతురి భుజం మీంచి వంగి, ఆ మీట ఇంకొక్కసారి నొక్కింది. తెర పక్కకు చూసి వద్దన్నట్టు చెయ్యి ఊపింది. తర్వాత రంగం మీది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"దీపమింకా ఆర్పలేదు..."

పాత పాట కాదది. పైకి ఎగరలేదు. నిద్రలేని మనిషి తనలో తను చెప్పుకుంటున్నట్టు, అలసటగా, కింద కింద నడిచింది. ఒకచోట బొంగురుపోయింది కూడా. కానీ విరగలేదు! "తలుపు ఇంకా వేయలేదు..." అన్నప్పుడు, ఇన్నేళ్ళూ నాటకంలో తల్లిని చూసిన జనానికి మొదటిసారి ఆ తల్లి ఎంతకాలంగా నిలబడి ఉందో తెలిసింది. హాలు గుమ్మానికి లోపలి పక్క వదిన టికెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

అందరూ వెళ్ళాక భర్త మెల్లగా రంగం మీదికి వచ్చాడు. దగ్గరకు రావాలా వద్దా అన్నట్టు దూరంగా నిలబడ్డాడు.

"మూడు చాలుగా... నాలుగెందుకు చేశావే?"

"మూడు మీరు దించారు. నాలుగోది నేనే దించుకున్నాను," అంది. ఇన్నాళ్ళ మౌనం తర్వాత మొదటి మాట అది. "అలిసిపోయానండీ! నాకు కూడా చెప్పుకోలేదు, అంత అలిసిపోయాను."

ఆయన ఎడమచేత్తో ఆమె తల నిమిరాడు. "వచ్చే ఏడు ఇంకా దిగాల్సొస్తే?"

"దిగుదాం. మీట ఎక్కడుందో ఇప్పుడు నాకూ తెలుసుగా! పదండి, పొద్దున్నే నా డ్యూటీ."

కూతురు కీబోర్డు ఆపి సంచీలో పెట్టింది. తెర మీది అంకెను ఈసారి ముట్టుకోలేదు.