సబ్బునీళ్ళ సీసాతో పళ్ళ డాక్టరు దగ్గరికి

పాలలో నానిన రొట్టెని కూడా ఆ పిల్ల ఎడమవైపే నములుతోంది. కుడి చెంప బంతిలా ఉబ్బింది. ఇరవై నాలుగేళ్ళది, జనానికి లారీ నడపడం నేర్పుతుంది. ఏటవాలు మలుపులో కూడా బ్రేకు మీద దాని కాలు వణకదు. అలాంటిది పళ్ళ డాక్టరు కుర్చీ కనిపిస్తే లేచి పరుగే. రెండుసార్లు పారిపోయింది. రెండోసారి చెప్పులు కూడా అక్కడే వదిలేసింది! ఇంకో వారం ఆగితే చీము దవడలోకి పాకుతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

"పదిన్నరకి రమ్మన్నారు," అంది తల్లి, ఇస్త్రీ పెట్టె పక్కన పెడుతూ. "ఈసారి గ్యాస్ ఇస్తారట. ముక్కుకి మాస్కు పెడతారట. మెలకువగానే ఉంటావు, భయం మాత్రం దిగిపోతుంది."

పనిసంచి సర్దుకుంటున్న తండ్రి చప్పున తలెత్తాడు. ఆయన వెల్డరు.

"గ్యాసా? ఇరవై ఎనిమిదేళ్ళుగా సిలిండర్ల మధ్య బతుకుతున్నా. గ్యాసంటే ఏంటో నాకా చెప్పేది? ఒక్క జాయింటు లీకైతే చాలు!"

"నాన్నా, అది నీ వెల్డింగు గ్యాస్ కాదు. నవ్వించే గ్యాసట."

"పన్ను పీకించుకోడానికి నవ్వెందుకే? పళ్ళు బిగపట్టుకుని కూర్చుంటే పోదూ?"

"పళ్ళు బిగపడితే ఆవిడ ఎలా పీకుతుందండీ?" అంది తల్లి.

"నీకన్నీ వేళాకోళాలే! ఇనుము కరిగించేవాణ్ణి నేను. నా కూతురు సూదికి ఏడుస్తుందంటే షెడ్డులో తలెత్తుకోగలనా?"

అదిగో, అక్కడ అంటుకుంది.

పిల్ల గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది. "నీ తల సంగతి సరే. నా ఎనిమిదో ఏట ఏం చేశావో గుర్తుందా? మత్తు ఎక్కలేదు, ఆపండి అని గొంతు చించుకున్నాను. నువ్వేమో నా రెండు చేతులూ కుర్చీకి అదిమిపెట్టావు. 'కానివ్వండి డాక్టరు గారూ, ఇది ఇలాగే అరుస్తుంది' అన్నావు!"

"నీ మంచికే కదే!"

"ఆ పన్ను నొప్పి ఎప్పుడో మర్చిపోయాను నాన్నా. నీ చేతులు మర్చిపోలేదు."

తండ్రి సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. భయాన్ని తిట్టి పోగొట్టిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. పిరికిది అని పేరు పెట్టడానికి అందరూ సిద్ధమే. ఆ పిరికితనం ఎవరు నేర్పారో అడిగేవాడే ఉండడు.

పదిన్నరకి తల్లీకూతుళ్ళు వెళ్ళేసరికి క్లినిక్కులో గొడవ. ఎవరో కాదు, ఆయనే! ఒక చేతిలో సబ్బునీళ్ళ సీసా, ఇంకో చేతిలో బ్రష్షు.

"సిలిండర్లు చూపించమ్మా! నా కూతురు పీల్చేది నేను చూడనక్కర్లేదా?"

"అయ్యో, కుదరదండీ," అంటోంది బల్ల దగ్గరి అమ్మాయి.

డాక్టరమ్మ బయటికొచ్చింది. ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఆ సబ్బులో నూనె లేదుగా?"

"ఆక్సిజన్ దగ్గరికి నూనె తెస్తానా, భగ్గుమనడానికి? నేనేం నిన్న మొన్న పనిలో చేరానా!"

"అయితే రండి."

జాయింటు జాయింటుకీ సబ్బునీళ్ళు పూసి, వంగి చూశాడు. లీకుంటే లేవాల్సిన బుడగ ఒక్కటీ లేవలేదు. డాక్టరమ్మ ఆక్సిజన్ కట్టేసి చూపించింది. రెండో గ్యాస్ కూడా దానంతటదే ఆగిపోయింది.

"ఓరి దీని తెలివి! ఆక్సిజన్ లేకపోతే అదీ రాదన్నమాట!" తండ్రి మొహం వెలిగిపోయింది. "ఎక్కవే తల్లీ కుర్చీ! పూచీ నాది!"

పిల్ల ఎక్కింది. ముక్కుకి మాస్కు పెట్టారు. "ఎప్పుడైనా సరే, చెయ్యి ఎత్తు. ఆపేస్తాను," అంది డాక్టరమ్మ.

"పని మధ్యలో కూడానా?" అన్నాడు తండ్రి.

"మధ్యలో కూడా."

నాలుగు నిమిషాలకి కుర్చీని పట్టుకున్న వేళ్ళు వదులయ్యాయి. "అమ్మా! నా కాళ్ళు అద్దెకి తెచ్చినట్టున్నాయే!" అని కిసకిసా నవ్వింది పిల్ల. సూది దిగింది. దవడ మొద్దుబారింది. డాక్టరమ్మ పట్టకారు లోపల పెట్టిందో లేదో, చెయ్యి లేచింది.

పట్టకారు వెంటనే బయటికొచ్చింది. "ఏమ్మా? నొప్పా?"

"ఏం లేదండీ. నిజంగా ఆపుతారో లేదోనని."

అందరూ నవ్వారు. తండ్రి మాత్రం గోడవైపు తిరిగాడు. ఆపడం ఇంత తేలికా? ఒక్క మాట అంటే ఆరోజూ ఆగేది కదా? భుజాలు కదిలాయి. "తప్పు చేశానే, తల్లీ," అన్నాడు గోడతో.

పన్ను ఊడొచ్చింది! మూలంతో సహా! గ్యాస్ కట్టేసి, ఐదు నిమిషాలు ఒట్టి ఆక్సిజనే ఇచ్చారు. పిల్ల లేచి, దూది పక్కకి నెట్టుకుని అడిగింది.

"నాన్నా, ఇందాక ఏదో అన్నావు."

"ఏం లేదులే."

"అప్పుడు నేను మత్తులో ఉన్నా, అది చెల్లదు. ఇప్పుడు దిగిపోయింది. చెప్పు."

తలుపు తెరిచే ఉంది. బయట నలుగురు చెంపలు పట్టుకుని కూర్చున్నారు. తండ్రి ఒకసారి అటు చూశాడు. తర్వాత షెడ్డులో అరిచే గొంతుతోనే అన్నాడు. "నువ్వు పిరికిదానివి కాదే! ఆరోజు ఆపమన్నావు. నేను వినలేదు. తప్పు నాది!"

తల్లి కొంగుతో కళ్ళొత్తుకుంది. "డాక్టరుగారూ, కాపురానికొచ్చాక ఈయన నోట ఆ ముక్క వినడం ఇదే మొదలు. ఆ సిలిండరు ఒకటి ఇంటికిస్తారా?"

"గ్యాస్ పీల్చింది అది! నేను కాదు," అన్నాడు తండ్రి, ఏడుస్తూనే.