ముప్పై బారల తంగూసు

గవరయ్య చేపల వేట నేర్చుకుంటున్నాడని తెలిసి మెటియాబ్రుజ్ డాక్ పేటలోని తెలుగువాళ్ళంతా నవ్వేరు. భావనపాడు తీరంలో పుట్టి, నడక రాకముందే వల పట్టినవాడికి ఇప్పుడు యాభయ్యో ఏట ఎవరు నేర్పుతారని. గవరయ్య వాళ్ళతో వాదించలేదు. ఆ ఏడాది అతను ఎవరితోనూ వాదించడం లేదు.

నేర్పేవాడు నృపేన్ బాబు. ఓడల్లో వైర్‌లెస్ ఉద్యోగం చేసి దిగిపోయిన బెంగాలీ పెద్దమనిషి. ఖిదిర్‌పూర్‌లో ఒంటరిగా ఉంటాడు. వయసులో ఉండగా కెనడా వైపు వెళ్ళి, అక్కడ సముద్రాల్లాంటి సరస్సుల మీద ట్రౌటు, సామన్ చేపల్ని పట్టే పద్ధతి చూసొచ్చాడు. వల ఉండదు. ఒకచోట గేలం వేసి కూర్చోవడమూ ఉండదు. పడవ నడుస్తూ ఉండాలి, దాని వెనకాల నీళ్ళలో ఎర నడుస్తూ ఉండాలి. ఇక్కడ సామన్ లేదు కాబట్టి బాబు ఆ విద్యని పండుగప్ప మీద ప్రయోగించేవాడు. ఊరికి తూర్పున, బాన్‌తలా దాటాక, ఉప్పునీటి చేపల చెరువులున్నాయి. భేడీలంటారు. ఒక్కో భేడీకి అవతలి గట్టు కనపడదు.

బాబుకి తెడ్డు వేసే మనిషి కావాలి. గవరయ్యకి ఆదివారాలు ఇంట్లో ఉండకపోవడం కావాలి. అలా కుదిరింది.

పాఠాలు బెంగాలీలోనే సాగేవి. బాబుకి తెలుగు ముక్క రాదు. ఎరగా అరచేతంత రేకు చెంచా, దానికి మూడు కొక్కేల గేలం, బారెడు పైన సీసం గుండు. నైలాను తంగూసుకి పది బారలకొక ఎర్ర దారం ముడి. మూడో ముడి దాకా వదిలితే చెంచా పండుగప్ప తిరిగే లోతులో ఉంటుంది. పడవ ముసలివాడి నడకంత వేగంతో పోవాలి. అప్పుడు నీళ్ళలో చెంచా అటూ ఇటూ కొట్టుకుంటుంది, ఆ కొట్టుకోవడానికి గేలపు కర్ర చివర తల ఊపుతుంది. తల ఊపుతున్నంతసేపూ అంతా బాగున్నట్టు. ఊపడం మానితే చెంచాకి నాచు పట్టినట్టు. చేప తగిలితే కర్ర ఒక్కసారిగా వంగుతుంది.

"ఏం జరిగినా పడవ ఆపకు. ఆపితే చెంచా మునిగిపోతుంది" అనేవాడు బాబు.

గవరయ్యకి ఈ వేట నచ్చింది అనలేం. నచ్చడం, నచ్చకపోవడం అతనిలో పదకొండు నెలల కిందటే ఆగిపోయాయి.

కిందటి మాఘమాసంలో అతనితోపాటు డాక్‌లో పనిచేసే తమ్ముడు పోలిరాజు సరుకు బార్జి మీంచి జారి, ఓడకీ గట్టుకీ మధ్య నీళ్ళలో పడ్డాడు. గవరయ్య తాడు విసిరేడు. పోలిరాజు పట్టుకున్నాడు. అంతలో ఆటుకి ఓడ గట్టువైపు ఒరిగింది. తాడు గవరయ్యని కూడా అంచుకి ఈడ్చింది. కింద నుంచి తమ్ముడు ఏదో అరిచాడు. తాడు గవరయ్య చేతిలోంచి పోయింది.

శవం దొరకలేదు. యూనియన్ ఆఫీసులో ఎర్రజెండా దింపి సంతాపసభ పెట్టారు. ఆ సభలో అందరూ అడిగారు, ఆఖరికి ఏమన్నాడని. "ఒగ్గీ అన్నయ్యా, ఒగ్గీ అన్నాడు" అని చెప్పాడు గవరయ్య. వదిలెయ్యమన్నాడని. అన్న బతకాలని అలా అన్నాడని అందరూ కళ్ళు తుడుచుకున్నారు.

ఒగ్గీ అన్నాడో, ఒగ్గీకు అన్నాడో గవరయ్యకి నిజంగా తెలీదు. వదిలెయ్యమనడానికీ వదలొద్దనడానికీ మధ్య ఉన్నది ఒక్క అక్షరం. ఓడ రేవుకి రాసుకున్న చప్పుడులో అది కలిసిపోయింది.

ఆ రోజునుంచి అతని కుడి అరచేతికి స్పర్శ లేదు. వేడి గ్లాసు పట్టుకున్నా తెలీదు. డాక్ డాక్టరు సూది గుచ్చి చూసి, నరం దెబ్బతిని ఉంటుందన్నాడు. ఏడుపు కూడా రాలేదు. అదే నరమేమో అనుకున్నాడు గవరయ్య.

తమ్ముడి పెళ్ళాం కాసులమ్మ అదే ఇంట్లో ఉండేది. దర్భబొమ్మకి కర్మ చేసేద్దామని కులపెద్దలు రెండుసార్లు వచ్చి అడిగారు. "మనిషిని సూపించండి. అప్పుడు బొట్టు తీస్తాను" అని తలుపేసుకుంది.

ఆ జనవరి ఆదివారం వాళ్ళు భేడీ చేరేసరికి ఏడైంది. తెల్లవారింది కానీ ఏమీ కనపడలేదు. అంత మంచు. ధాపా దిబ్బల వైపు నుంచి చెత్త కాలిన వాసన మంచులో ఇరుక్కుని కదలకుండా ఉంది. కాపలా మనిషి గుడిసెలోంచే దగ్గి, వెళ్ళమని చెయ్యూపాడు.

పడవ గట్టు వదిలిన పది తెడ్లకి గట్టు లేదు. గవరయ్య పడవ వెనక భాగం వైపు మొహం పెట్టి రెండు తెడ్లూ వేస్తున్నాడు. ఎదురుగా బాబు. బాబు పక్కన గేలపు కర్ర. దాని చివర్నుంచి తంగూసు నీళ్ళ మీదుగా వెళ్ళి, ఐదారు బారల దూరంలో మంచులోకి దూరిపోయింది. మూడో ముడి కూడా నీళ్ళలోకి జారిందని బాబు వేళ్ళతో చూపించాడు.

కర్ర తల ఊపుతోంది. టక్... టక్... టక్. తెడ్ల నుంచి నీటిచుక్కలు. ఎక్కడో కొంగ ఒకసారి అరిచి ఊరుకుంది. గంటసేపు అంతే.

తర్వాత కర్ర తల ఊపడం మానేసింది.

"నాచు" అన్నాడు గవరయ్య.

బాబు కర్రని చేతిలోకి తీసుకున్నాడు. తంగూసు మీద వేలు పెట్టాడు.

"నాచు కాదు. బరువుంది."

"చేపా?"

"చేపైతే లాగుతుంది. ఇది లాగడం లేదు." బాబు గొంతు తగ్గించాడు. "మన కూడా వస్తోంది."

గవరయ్య తెడ్డు జోరుగా వేశాడు. కర్ర వంగలేదు. నెమ్మదిగా వేశాడు. తంగూసు వదులవ్వలేదు. పడవ ఎంత వేగంగా పోతే అదీ అంతే. ముప్పై బారల వెనక... అదే దూరంలో... అదే నడకతో.

"ఆపు" అన్నాడు బాబు.

ఏం జరిగినా ఆపొద్దని నేర్పినవాడే ఆపమన్నాడు. గవరయ్య తెడ్లు నీళ్ళలోంచి ఎత్తేశాడు. పడవ కాస్త జారి నిలిచిపోయింది. ఇప్పుడు చెంచా మునగాలి. తంగూసు వేలాడాలి.

వేలాడలేదు. గీత గీసినట్టు, బిగుతుగా, మంచులోకి అలాగే ఉంది. అవతల ఎవరో రెండో కొస ఎత్తి పట్టుకున్నట్టు.

కొంగల అలికిడి లేదు. కాపలా మనిషి దగ్గు వినపడటం లేదు. చెత్త కాలిన వాసన కూడా పోయింది. దాని బదులు తారు, తుప్పు, మురిగిన జనపనార. డాక్ వాసన. ఇక్కడికి డాక్ నాలుగు కోసుల పైమాటే.

బాబు తల పక్కకి వంచి వింటున్నాడు. చెవిలో వైర్‌లెస్ పెట్టుకుని కూర్చునేవాడట ఓడల్లో, రాత్రింబవళ్ళు. అలా వింటున్నాడు.

"గవరా..." అన్నాడు గుసగుసగా. "మీ భాష మాట్లాడేవాళ్ళు ఈ భేడీ మీద ఎవరైనా ఉన్నారా?"

"లేరు. ఏం బాబూ?"

"ఒగ్గీ అంటే ఏమిటి?"

గవరయ్య తెడ్లు పడవలో పెట్టేశాడు.

"ఒగ్గీ అనే వినపడింది. తర్వాత ఇంకేదో ఉంది. అది అందలేదు." బాబు పెదవులు తెల్లబడ్డాయి. "పిలిచింది నీ పేరుతో కాదు. అన్... అన్నయ్యా... అంటే?"

గవరయ్య లేచాడు. పడవ ఊగింది. రెండడుగులు వేసి బాబు చేతిలోంచి కర్ర తీసుకుని పక్కన పడేశాడు. తంగూసుని కుడి అరచేతికి ఒక చుట్టు చుట్టుకున్నాడు.

తెలిసింది. పదకొండు నెలల తర్వాత ఆ చేతికి ఏదో తెలిసింది. ముందు చలి. తర్వాత తంగూసు కోత. ఆ తర్వాత, అవతలి కొసన, ఒక చెయ్యి. పట్టు మార్చుకుంటున్న చెయ్యి. వేళ్ళు ఒక్కొక్కటే సర్దుకోవడం కూడా తెలిసింది.

భయపడాలి కదా అనుకున్నాడు గవరయ్య. ఆ భయం రాలేదు. ఇన్నాళ్ళూ అడగాలనుకున్న మాట మాత్రం వచ్చింది.

"ఏటన్నావురా పోలీ ఆవేళ? సరిగ్గా సెప్పు."

నీళ్ళ మీద మాట దూరం పోదు. దగ్గరగానే వినిపిస్తుంది. అరుపు కాదది. అలిసిపోయిన మనిషి మామూలుగా చెప్పిన మాట.

"ఒగ్గీకు అన్నయ్యా."

వదలొద్దు. ఒక్క అక్షరం కూడా పోకుండా వినిపించింది.

తంగూసు ఒక్కసారి మెల్లగా లాగింది. పిలిచినట్టు. గవరయ్య మోకాళ్ళు పడవ అంచుకి తగిలాయి. నీళ్ళు నల్లగా, కదలకుండా, చాలా దగ్గరగా ఉన్నాయి.

బాబు సంచిలోంచి కత్తి తీసి చాచి పట్టుకుని ఉన్నాడు. కొయ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

గవరయ్య ఎడం చేత్తో కత్తి తీసుకుని తంగూసు కోసేశాడు.

తెగిన కొస కొరడాలా వెనక్కి కొట్టలేదు. పడవ అంచు మీంచి నిదానంగా జారింది. ఎవరో తీరిగ్గా చుట్టుకుంటున్నట్టు, అంగుళం అంగుళం, మంచులోకి వెళ్ళిపోయింది.

గట్టుకి ఎలా చేరారో తర్వాత ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు. తెడ్లు వేసింది గవరయ్యే. వెనక్కి మొహం పెట్టి వేసేవాడు కాబట్టి, దారి పొడుగునా ఆ మంచునే చూస్తూ వేశాడు. ఏమీ రాలేదు.

టెంపో కోసం నిలబడ్డప్పుడు బాబు అడిగాడు. "రెండోసారి ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

బాబు అతని మొహంలోకి చూసి, గేలపు కర్రని అక్కడే రోడ్డు పక్కన చెట్టుకి ఆనించి, టెంపో ఎక్కేశాడు. మళ్ళీ ఏ ఆదివారమూ పిలవలేదు.

మెటియాబ్రుజ్ చేరేసరికి పదకొండైంది. ఎండ వచ్చింది. కుట్టుమిషన్ల చప్పుడు, సైకిల్ వ్యాన్లు, ఆరేసిన గుడ్డలు, అన్నీ రోజూలాగే ఉన్నాయి. గవరయ్య గుమ్మంలో చెప్పులు విడిచాడు. లోపల కాసులమ్మ పొయ్యి మీద పెద్ద డేగిసాతో నీళ్ళు కాస్తోంది. తలకి నూనె రాసుకుని, నున్నగా దువ్వుకుంది. పెరటి తీగ మీద ఉతికిన తువ్వాలు వేసి ఉంది. పోలిరాజుది.

గవరయ్య తలుపు వెయ్యబోయాడు.

"ముయ్యకండి బావగారూ" అంది కాసులమ్మ. అతన్ని చూడలేదు. అతని భుజం మీదుగా సందు మలుపు వైపు చూస్తోంది. "మీరు గబగబా నడిసొచ్చేసేరు. ఆయన మెల్లగా వొస్తన్నారు."

గవరయ్య తల తిప్పలేదు. తిప్పితే ఏం కనపడుతుందో అన్న భయం కూడా కాదు. మెడ తిరగలేదు, అంతే. గుమ్మంలోనే చతికిలబడ్డాడు. దారికి అడ్డంగా, రెండు గోడలకీ రెండు మోకాళ్ళూ ఆనించి కూర్చున్నాడు. కాసులమ్మ నీళ్ళు బకెట్‌లోకి తోడి, పెరటి వైపు స్నానాల మూలలో పెట్టి, వచ్చి చాప మీద పడుకుంది. నిమిషంలో నిద్రపోయింది. పదకొండు నెలల్లో ఆమె పగటిపూట నిద్రపోవడం అదే మొదటిసారి.

సందులో మనుషులు అటూ ఇటూ పోతూనే ఉన్నారు. మధ్యాహ్నం నమాజు అయింది. మిషన్లు ఆగి, మళ్ళీ మొదలయ్యాయి. ఎండ గోడెక్కి దిగిపోయింది. గవరయ్య కదల్లేదు. అతన్ని దాటుకుని ఎవ్వరూ లోపలికి రాలేదు. ఆ ఇంటికి వేరే దారి లేదు.

దీపాలు పెట్టే వేళకి లేచాడు. ఆ నీళ్ళు పారబోద్దామని పెరటి మూలకి వెళ్ళాడు.

బకెట్ ఖాళీగా ఉంది. తూము చుట్టూ నల్లటి ఒండ్రు పేరుకుని ఉంది. తీగ మీద తువ్వాలు లేదు.

వెనక్కి తిరిగి చూస్తే, అది కాసులమ్మ చాప పక్కన, మడత పెట్టి ఉంది. తడిసి ఉంది.