పొజిషన్ చెప్పు, ఓవర్!

దొంగ మెట్లెక్కుతున్నాడు.

వెనకే సెక్యూరిటీ గార్డు... అందరూ పిలిచే పేరు మిలిటరీ!

రాత్రి ఏడున్నర. మందుల గోడౌన్ వెనకవైపు మెట్లు. పైనెక్కడో బూట్ల చప్పుడు... టక్ టక్ టక్!

యాభై రెండేళ్ల మోకాళ్లు మొరాయిస్తున్నాయి. అయినా ఆగడు. ఆగితే కొంప మునుగుతుంది!

ఈ నెలలో రెండు పెట్టెలు పోయాయి. క్యాన్సర్ ఇంజెక్షన్లు. రెండుసార్లూ డ్యూటీ తనదే. "మూడోది పోయిందంటే స్టేషన్‌కి పంపేది నిన్నే!" అని సూపర్‌వైజర్ అందరి ముందూ అన్నాడు. అదెలాగో భరించాడు.

నిన్న అన్నం పెడుతూ భార్య మెల్లగా అడిగింది. "ఏమండీ... మీరు తీయలేదు కదా?"

అది మాత్రం మింగుడుపడటం లేదు.

చేతిలో వాకీటాకీ సెట్ గరగరమంటుంది.

"మిలిటరీ! పొజిషన్ చెప్పు, ఓవర్!" సూపర్‌వైజర్ గొంతు.

"రెండో అంతస్తు సార్! దొంగ పైకి పోతున్నాడు. ముఖానికి మాస్క్, చేతిలో పెట్టె. ఓవర్!"

"వదలకు!"

మూడో అంతస్తు. తలుపు తోస్తాడు. ఎవడూ లేడు!

చప్పుడు ఇప్పుడు ముందువైపు మెట్ల మీద...

"పొజిషన్?"

"మూడో అంతస్తు సార్. ముందు మెట్ల వైపు వస్తున్నా!"

పరుగు. రొప్పు. ముందు మెట్లు... ఖాళీ!

చప్పుడు మళ్లీ వెనక మెట్ల మీద!

ఛీ! వెధవ బతుకు!

పదిహేడేళ్లు సైన్యంలో మంచులో పొర్లాడు. ఆ తర్వాత పదహారేళ్లుగా సెక్యూరిటీ. నాలుగు కంపెనీలు మారాడు. చేసిందేముంది? గేటు ఎత్తడం, గేటు దించడం. వచ్చిన ప్రతి కారుకీ సెల్యూట్ కొట్టడం. కారులో డ్రైవరూ, కుక్కపిల్లా తప్ప ఎవరూ లేకపోయినా కొట్టాల్సిందే! ఇన్నాళ్లకి ఒక అసలైన పని తగిలితే, వాడు చేతికి చిక్కకుండా ఆడుకుంటున్నాడు.

తను ఎటు వెళ్తే వాడు రెండోవైపుకి... ఎలా తెలుస్తోంది వాడికి?

కాళ్లు టక్కున ఆగిపోతాయి.

తనే చెబుతున్నాడు!

సైన్యంలో ఒంటబట్టిన అలవాటు. తరుముతున్నప్పుడు అడుగడుగునా పొజిషన్ చెప్పాలి. తు.చ. తప్పకుండా చెబుతూనే ఉన్నాడు. వాడి దగ్గర కూడా సెట్ ఉంది. అంతా వింటున్నాడు!

ఒళ్లు మండిపోతుంది. దొంగ మీద కాదు... తన మీద.

సెట్ నోటి దగ్గర పెట్టుకుంటాడు. "సార్... టెర్రస్ మీదికి పోతున్నా. ఓవర్!"

పోడు.

బూట్లు విప్పేస్తాడు. సెట్ సౌండ్ బాగా తగ్గిస్తాడు. ముందు మెట్లు దిగి, మొదటి అంతస్తులోంచి అడ్డంగా దాటి, వెనక మెట్ల మలుపులో గోడకి అతుక్కుపోతాడు. భుజాన ఉన్న డబుల్ బ్యారెల్ తుపాకి చేతిలోకి వస్తుంది.

బూట్లు దిగుతున్నాయి. తాపీగా...

"వెరీ గుడ్ మిలిటరీ! పైనే వెతుకు. నేను కంట్రోల్ రూమ్‌లో కెమెరాలు చూస్తున్నా!"

మాట సెట్‌లోంచి వచ్చింది. మెట్ల మీద నుంచీ వచ్చింది!

మాస్క్ మనిషి మలుపు తిరుగుతాడు. ఒక చేతిలో పెట్టె... ఇంకో చేతిలో సెట్!

"సార్... మీరా!"

సూపర్‌వైజర్ మాస్క్ కిందికి లాగి నవ్వుతాడు.

"తుపాకి దించు. ఇది ఆర్డర్!"

తుపాకి సగం దిగిపోతుంది! పాడు అలవాటు... మిలిటరీ కసిగా మళ్లీ ఎత్తుతాడు.

"దాంతో నన్ను బెదిరిస్తావా? తూటాలన్నీ నా బీరువాలో ఉన్నాయి. ఈ పెట్టె నీ లాకర్‌లో దొరికిందని చెప్తా. నిన్నెవడు నమ్ముతాడు? మీ ఆవిడైనా నమ్ముతుందా?"

దర్జాగా పక్క నుంచి దిగబోతాడు.

"కంపెనీ తూటాలు మీ దగ్గరే ఉన్నాయి సార్. కానీ తుపాకి నాది. లైసెన్సూ నాదే. ఇవాళ ఇంటి నుంచి రెండు తెచ్చుకున్నా."

ఢాం!

మలుపులో తెరిచి ఉన్న కిటికీలోంచి ఆకాశంలోకి!

గోడౌన్ దద్దరిల్లుతుంది. కింద కేకలు... పరుగులు... గేటు గార్డులు, లోడింగ్ వాళ్లు అందరూ మెట్లెక్కి వస్తున్నారు!

సూపర్‌వైజర్ గబుక్కున వంగుతాడు, పెట్టె కింద పెట్టడానికి.

రెండో తూటా ఉన్న తుపాకి అతని ఛాతీకి ఆనుతుంది.

"పెట్టకండి సార్! అలాగే పట్టుకోండి... అందరూ చూడాలి!"